చందమామకి ఇంకా పదిహేడు వేలు

“నలుసేటే? ఆ నలుసే కంట్లో పడితే తెలుస్తాది!” దయారత్నం చాయ్ గ్లాసు ఠప్పున కింద పెట్టాడు.

మనవరాలు జూలీ నవ్వింది. గడప మీద కూర్చుని కొత్త బూట్ల లేసులు బిగిస్తోంది. “నేనన్నది కాదు తాతా, సైన్సు. ఈ విశ్వంలో భూమే ఒక నలుసు. దాని మీద మనిషెంత? అందులో మన టికియాపారా ఎంత?”

“మనిషెంతో నన్నడుగు. నీ సైన్సుకేటి తెలుసు!”

ఇంటి పక్కనే హౌరా లోకల్ రైలు పోయింది. గోడలు అదిరాయి. మేకుకి తాడుతో వేలాడుతున్న సుత్తి కామ టక్కుటక్కుమని గోడని తాకి ఊరుకుంది.

ఆ కామ దయారత్నం తండ్రిది. తండ్రి, తను, కొడుకు రాబిన్, ముగ్గురూ రైల్వేలో కీమాన్లే. పట్టాలని పట్టి ఉంచే కీలని సుత్తితో తట్టి బిగించుకుంటూ నడవడం వాళ్ళ పని. సుత్తి తల రైల్వేది, కామ, అంటే ఆ కర్ర పిడి మాత్రం ఇంటిది. మూడు తరాల అరచేతులు రాసుకుని నున్నగా తేలింది. “మేకు ఖాళీగా ఉందంటే మన మనిషి లైన్లో ఉన్నట్టే” అనేది దయారత్నం తల్లి. పోయినేడాది రాబిన్‌కి మోకాళ్ళు అరిగిపోయి గేటు డ్యూటీ ఇచ్చారు. అప్పట్నుంచీ కామ మేకు దిగలేదు. ఆ టక్కుటక్కు విన్నప్పుడల్లా ముసలాయన ప్రాణం ఉసూరుమంటుంది. పైకి మాత్రం అనడు.

జూలీ డిగ్రీ చదివింది. ఏడాదిపాటు కలకత్తాలో భవానీపూర్ కోచింగుకి వెళ్ళి బేంకు, రైల్వే పరీక్షలకి తయారైంది. నెల కిందట “ఉద్యోగమొచ్చింది తాతా” అని కాగితం చూపిస్తే, కళ్ళజోడు పెట్టుకోకుండానే మురిసిపోయాడు. మనవరాలికి భవానీపూర్ బేంకులో కుర్చీ వేశారని ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి అందరికీ చాటాడు. ఈ రోజే చేరాలి.

“రోజుకెంత నడిచేవాడివి?” జూలీ ఫోన్ తీసింది.

“ఆరెల్లడం, ఆరు రావడం. పన్నెండు కిలోమీటర్లు. ఏడాదికి మూడొందల రోజులు.”

“ఎన్నేళ్ళు?”

“నాను ముప్పయ్యారు. మా అయ్యా ముప్పయ్యారే. మీ నాన్న ముప్పై.”

ఆమె వేళ్ళు చకచకా కదిలాయి. “మూడు లక్షల అరవై ఏడు వేలు! తాతా, మీరు ముగ్గురూ కలిసి చందమామ దారి పట్టారు!”

దయారత్నం ఛాతీ ఉప్పొంగింది. “సూసావా! నలుసంట, నలుసు! నచ్చత్రాలు కోట్లున్నాయి, ఒక్కదానికైనా పక్కదాని ఊసు పట్టిందా? రైల్లో వెయ్యిమంది గుర్రెట్టి నిద్దరోతంటే, ఆళ్ళ కోసం ఒక్కో కీ తట్టి సూసుకున్నోడు మనిషే. కీ వదులైతే మోత మారిపోద్ది. అది ఇని ఆగేవోడు ఈ లోకానికంతటికీ మనిషొక్కడే.”

జూలీ ఫోన్ చూసుకుంది. “కానీ చేరలేదు తాతా. చందమామ మూడు లక్షల ఎనభై నాలుగు వేలు. ఇంకా పదిహేడు వేలు తక్కువ.”

ముసలాయన మొహం వాడింది. “ఎన్నాళ్ళ నడకే?”

“అయిదేళ్ళు కూడా పట్టదు.”

“పోన్లే. అందాకా ఎల్లారు, సాలు. నువ్వు సల్లగా కుర్సీలో కూకో. రా, పార్దన సేద్దాం.”

కళ్ళు మూసుకున్నాడు. ఆ ఇంట్లో కొత్త పనికి బయల్దేరేవాళ్ళని ప్రార్థన లేకుండా పంపరు, ఆయన ప్రార్థనా ఒక పట్టాన తెమలదు. తమ ముగ్గురి కాళ్ళకీ బలమిచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాడు. ఈ బిడ్డని ఎండలో నడిపించకుండా నీడపట్టున ఉంచినందుకు మరోసారి చెప్పాడు.

“ఆమేన్” అని గుమ్మం దగ్గర్నుంచి వినిపించింది. కళ్ళు తెరిచేసరికి జూలీ వీధిలో ఉంది, భుజాన పొడవాటి గొడుగు సంచీతో.

“మబ్బు లేకుండా గొడుగేటే?”

“కలకత్తా వానని నమ్మలేం తాతా!”

ఆమె పట్టాల వైపు సందులోకి తిరిగింది. స్టేషనుకే కాబోలు అనుకున్నాడు. ఎదురింటి మేరీరాణి తలుపు తీసి, “పిల్ల బేంకుకేనా బాబాయ్?” అని అడిగింది.

“మా ఇంటి పిల్ల! ఎక్కడికెల్లినా తలెత్తుకునే పనే సేస్తాది” అని, తృప్తిగా లోపలికొచ్చి కూర్చున్నాడు.

మరో లోకల్ వచ్చింది. గోడలు అదిరాయి, గ్లాసు కదిలింది. రైలు వెళ్ళిపోయింది. ఏదో తక్కువైనట్టనిపించింది. టక్కుటక్కు వినపడలేదు. దయారత్నం మెల్లగా తల తిప్పి చూశాడు.

మేకు ఖాళీగా ఉంది.