పూడిపోయిన గీత

"ఎదిగే పిల్లలకి మణికట్టు ఎముక చివర ఓ నల్లగీత ఉంటుందమ్మా. అక్కడి కణాలే ఎముకని పొడవు పెంచుతాయి," అంది డాక్టరు, వయసు పరీక్షకు తీసిన ఎక్స్‌రే చూపిస్తూ. "నీకది పూడిపోయింది. ఇది పదిహేడేళ్లు దాటిన చెయ్యి."

రేపటి పరుగుపందెం పదిహేను దాటని పిల్లలకు.

"నాకు పద్నాలుగేనని చెప్పు నాన్నా!"

పరుగు నేర్పిన తండ్రి మెడలోని విజిల్‌ను జేబులో దాచుకున్నాడు. "బళ్లో వేసినప్పుడే మూడేళ్లు తగ్గించి రాయించా తల్లీ. నీ మంచికే."

నిరుడు పందెంలో తన వెనక రెండోదిగా వచ్చి వెక్కివెక్కి ఏడ్చిన పిల్ల కూతురికి గుర్తొచ్చింది. తనే ఎత్తుకుని ఓదార్చింది. పిచ్చుకంత బరువు కూడా లేదు.

"లేడిపిల్లనన్నావు, నమ్మాను. ఇన్నాళ్లూ నన్ను గెలిపించింది పసిపిల్లల మీదా నాన్నా?"