ఆ మిషన్ ఆపండి

“గడ్డి కోసే మిషన్ కొన్నవారికి ముఖ్య గమనిక. బ్లేడు బిగించిన బోల్టు విరిగిపోయే ప్రమాదం ఉంది. బ్లేడు ఊడి ఎగిరొచ్చి కొందరు తీవ్రంగా గాయపడ్డారు. వాడకం వెంటనే ఆపి, మిషన్‌ను తిరిగి ఇచ్చేయండి.”

ఫోన్లో ఆ మెసేజ్ చదివేసరికి కళ్ళజోళ్ళ షాపాయనకు ఒళ్ళు చల్లబడింది.

మిషన్ కొన్నది తనే. గడ్డి కొయ్యడానికి బద్ధకమేసి, ఈమధ్యే దాన్ని తోడల్లుడికి ఇచ్చేశాడు. “కళ్ళు మూసుకుని వాడుకో తమ్ముడూ, బంగారంలాంటి మిషన్” అని భుజం తట్టి మరీ ఇచ్చాడు. తోడల్లుడు బస్సు డ్రైవరు. ఇవాళ అతనికి సెలవు. సెలవు రోజున అతను తోటలో తప్ప ఇంకెక్కడా ఉండడు.

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మరదలికి చేశాడు. ఆవిడా తియ్యలేదు. పెళ్ళాంతో చెప్పి చెల్లెలికి కబురు చేయిద్దామా అనుకున్నాడు గానీ, ‘నా చెల్లెలి ఇంటికే అంటగట్టావా?’ అని ఆవిడ అంటే ఏం చెప్పాలో తోచక, ఫోన్ జేబులో పడేశాడు.

“ఏమండీ, ఈ అద్దంలోంచి చూస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి” అన్నాడు కుర్చీలో ఉన్న పెద్దమనిషి. పరీక్ష చేసే బరువైన ఫ్రేము ఆయన ముక్కు మీదే ఉంది.

“అలాగే కూర్చోండి బాబాయ్, ఇప్పుడే వస్తా” అంటూ స్కూటర్ తాళాలు అందుకుని పరిగెత్తాడు.

దారి తెగలేదు. సిగ్నల్ దగ్గర ముందున్న లారీ కదలదు. హారన్ కొట్టాడు, తిట్లు తిన్నాడు. కళ్ళ ముందు మాత్రం ఒకటే బొమ్మ. పచ్చగడ్డి, దాని మీద బోర్లా పడి ఉన్న తోడల్లుడు. అతనికేమన్నా అయితే మరదలి మొహం ఎలా చూడాలి? పిల్లలకేం చెప్పాలి?

సందు మలుపు తిరగ్గానే వినపడింది, మిషన్ చప్పుడు. బర్‌ర్‌ర్‌మని పెరట్లోంచి. బతికే ఉన్నాడన్నమాట. ఊపిరి పీల్చుకోబోయాడు.

అప్పుడే ఠంగుమని ఏదో పగిలిన శబ్దం. వెంటనే మరదలి కేక.

స్కూటర్‌ను గేటుకు గుద్ది అక్కడే వదిలేశాడు. ఇంటి పక్కనుంచి దూరి, వెనక వరండాలోకి పరిగెత్తాడు. గోడకున్న ప్లగ్గులోంచి పొడుగాటి వైరు పెరట్లోకి పాములా పాకుతోంది. వెనకా ముందూ చూడకుండా దాన్ని పట్టి ఒక్క లాగు లాగాడు. చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలోకి తల తిప్పి చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు.

“ఏంటన్నయ్యా, కరెంటు పీకేశావ్?”

చూశాడు. తోడల్లుడు నిక్షేపంలా నిలబడి ఉన్నాడు, చెమట తుడుచుకుంటూ. మరదలు పగిలిన పూలకుండీ పెంకులు ఏరుతోంది.

“చూడండి బావగారూ, గులకరాయి ఎగిరొచ్చి నా కుండీని ఎలా పగలగొట్టిందో! నిన్ననే మొక్క నాటాను” అంది ఏడుపుగొంతుతో. అంతలోనే అతని మొహం చూసి, “అయ్యో, అలా పాలిపోయారేంటి? ఉండండి, మంచినీళ్ళు తెస్తా” అని లోపలికి వెళ్ళింది.

అతను తోడల్లుడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “తమ్ముడూ, తిట్టినా సరే, కొట్టినా సరే. ఆ మిషన్ ఇంక ముట్టుకోకు. బ్లేడు ఊడి మనుషుల మీదికి ఎగురుతోందట. కంపెనీవాళ్ళే ఆపమని మెసేజ్ పెట్టారు. దారి పొడుగునా నా ప్రాణం నాలో లేదు.”

తోడల్లుడు పగలబడి నవ్వాడు. “అందుకా ఈ పరుగు? ఇది నువ్విచ్చింది కాదన్నయ్యా. పక్కింటివాళ్ళది. సరిగ్గా చూడు, రంగే వేరు. పైగా కళ్ళజోళ్ళు అమ్మేది నువ్వే!”

అప్పుడు చూశాడు. నిజమే. తనిచ్చింది ఎర్రది, ఇది పచ్చది. గడ్డి మీదే చతికిలబడ్డాడు. నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మరదలు గ్లాసు అందిస్తే గటగటా తాగేశాడు.

“మిషన్ ఉండగా పక్కింటివాళ్ళని అడగటమేంట్రా? పాడైందా ఏంటి? పోనీలే, పాడై మంచి పని చేసింది” అన్నాడు మూతి తుడుచుకుంటూ.

తలెత్తి చూస్తే తోడల్లుడి మొహంలో నవ్వు లేదు. అతను భార్య వంక చూస్తున్నాడు. మంచినీళ్ళు తెస్తూ అంతా విన్నట్టుంది, ఆవిడ అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది. అవతల ఎవరూ తీస్తున్నట్టు లేదు.

“ఏమైంది?”

“పొద్దున నువ్వు షాపుకెళ్ళాక వదిన వచ్చి పట్టుకెళ్ళింది అన్నయ్యా... పెరట్లో గడ్డి మోకాళ్ళదాకా పెరిగింది, మీ అన్నయ్యని నమ్ముకుంటే అయ్యే పని కాదు, ఇవాళ నేనే కోసేస్తానని...”