మూడో గుంట ఫైలు

ఫైలు పోవడం లేదు.

నరేంద్రబాబు పొద్దుటి నుంచి నొక్కుతూనే ఉన్నాడు. నొక్కిన ప్రతిసారీ కంప్యూటర్ ఒకటే మాట చెబుతోంది. పేరు మరీ పొడుగ్గా ఉంది, కుదరదు.

రేపు విచారణకు ఆఫీసరు వస్తాడు. కానిస్టేబుల్ నిన్ననే వచ్చి కంప్యూటర్ నంబరు రాసుకుని పోయాడు. ఇక పెట్టెను పగలగొట్టడానికి లేదు, మాయం చేయడానికి లేదు. అన్నీ ఉండాలి. ఆ ఒక్క ఫైలు ఉండకూడదు.

అది తన రొయ్యల గుంటల గట్టు మీది కెమెరా తీసిన వీడియో. పన్నెండు రోజుల కిందటి బుధవారం పొద్దున మూడో గుంటలో నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ ఒకటి ఆగింది. గాలి ఆడకపోతే రొయ్య చచ్చి తేలిపోతుంది. కరెంటు తీస్తేగానీ నీళ్లలోకి దిగనని కూలిమనిషి మాలకొండయ్య గట్టు మీద నిలబడి తల అడ్డంగా ఊపాడు. కరెంటు తీస్తే మిగతా ఏరేటర్లూ ఆగిపోతాయి. నరేంద్రబాబు చెయ్యెత్తి నీళ్లవైపు చూపించాడు. మాలకొండయ్య దిగాడు.

మళ్లీ ఎక్కలేదు.

తాగి పడిపోయినాడని నరేంద్రబాబు అందరికీ చెప్పాడు. సాయంత్రానికే దహనం కూడా అయిపోయింది. పులికాట్ వైపు నుంచి మేస్త్రీ తెచ్చిన మనిషి. అంతకు మించి నరేంద్రబాబుకు తెలియదు. మాలకొండయ్య పెళ్లాం వెంకటశేషమ్మ మాత్రం ఊరుకోలేదు. మా ఆయన జన్మలో చుక్క ముట్టలేదని అర్జీ మీద అర్జీ పెట్టింది.

కెమెరా పెట్టెలో వారం దాటితే బొమ్మలు వాటంతట అవే చెరిగిపోతాయి. మిగిలింది రోజువారీగా కంప్యూటర్లోకి ఎక్కిన వాటిలో ఈ ఫైలొక్కటే.

మధ్యాహ్నం అల్లూరు కంప్యూటర్ షాపు నుంచి మనిషి వచ్చాడు. ముప్పై దాటిన వయసు. నెత్తిన టోపీ.

"ఎప్పుడూ వచ్చేటోడు రాలా?"

"వాడే రావాల్సింది. నేనడిగి వచ్చినా అన్నా."

"నీ పేరేంది?"

"పెంచల్."

"స్వామి పేరే! ఇంక పనైపోద్దిలే. టోపీ తీసి కూర్చోప్పా, ఏసీ ఉండాది గదా."

"ఉండనియ్యన్నా."

పెంచల్ ఫోల్డర్లు తెరిచాడు. సంవత్సరం లోపల నెల. నెల లోపల గుంట. గుంట లోపల రోజు. ప్రతిదాని ముందూ ఒకే వరస. శ్రీ పెంచలకోన పెనుశిల లక్ష్మీనరసింహస్వామి వారి కృపతో.

"ఈ పేర్లు ఎవరు పెట్టింది?"

"నేనే. మొన్న ఆ చావు జరిగినాక మనసు బాగలేక పెట్టినా. కాగితం మీద శ్రీ రాసుకోమా, అట్టనే. తప్పా?"

"తప్పు కాదన్నా. అన్ని ఫోల్డర్ల పేర్లూ, ఫైలు పేరూ కలిపి ఇంతే ఉండాలని ఒక హద్దు ఉంటది. దాటితే తెరవనియ్యదు, కదలనియ్యదు, తీసెయ్యనియ్యదు."

"అంటే స్వామే కాపాడతా ఉండాడా దీన్ని!" నరేంద్రబాబు పెద్దగా నవ్వాడు.

పెంచల్ నవ్వలేదు. "స్వామి పేరు తీసెయ్యాల. తీసెయ్యమంటారా?"

గోడ మీద క్యాలెండర్లో స్వామి ఉన్నాడు. నరేంద్రబాబు అటు చూడలేదు.

"తీసెయ్."

పెంచల్ ఒక్కొక్కటే చెరిపాడు. పేర్ల చోట అంకెలు మిగిలాయి. తెప్పించిన టీ పక్కనే చల్లారి మీగడ కట్టింది.

"ఇదేనా ఫైలు? ఒకసారి చూసుకుందాం. ఒకటి తీయబోయి ఇంకోటి తీస్తే మళ్లీ రాదు."

వద్దనే లోపే బొమ్మ కదిలింది. శబ్దం లేదు. గట్టు, మనిషి, చెయ్యి, నీళ్లు. పెంచల్ చివరిదాకా చూశాడు. బొమ్మ ఆగిపోయాక కూడా మౌస్ మీద చెయ్యి కదపలేదు.

"తాగినోడు ఎట్ట పడినాడో చూసినావు గదా," అన్నాడు నరేంద్రబాబు. "ఇంట్లో ఆడోళ్లు చూస్తే జడుసుకుంటారని తీసేస్తా ఉండా."

"చూసినా అన్నా."

చొక్కా జేబులోంచి బొటనవేలంత వస్తువు తీసి కంప్యూటర్‌కు గుచ్చాడు.

"ఏందది?"

"పని సామాను. అంత లోతులో ఉన్నదాన్ని ఆడనే తీస్తే మొరాయిస్తది. పొట్టి దోవకు లాగి తీయాల."

తెర మీద పచ్చగీత మెల్లగా ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. ఫోల్డర్ ఖాళీ అయింది. నరేంద్రబాబు తనే రెండుసార్లు వెతికి చూశాడు. ఎక్కడా లేదు. కంప్యూటర్ చెత్తబుట్టలోనూ లేదు. పన్నెండు రోజులకు గుండెల నిండా గాలి పీల్చాడు.

"బతికించినావప్పా. ఎంతియ్యమంటావు?"

"ఏమొద్దన్నా. స్వామి పేరు చెరిపిన పనికి తీసుకోను."

"అబ్బో, నీకూ ఉండాదే భక్తి! మళ్లీ పెట్టుకోవచ్చునా పేరు?"

"పెట్టుకోండన్నా. ఇప్పుడింక అడ్డం రాదు."

మర్నాడు పది గంటలకు ఆఫీసరు వచ్చాడు. కంప్యూటరంతా వెతికించాడు. అన్ని రోజులూ ఉన్నాయి. ఆ బుధవారం ఒక్కటే లేదు.

"ఆ పొద్దు కెమెరా పన్జెయ్యలా సార్," అన్నాడు నరేంద్రబాబు, కుర్చీలో వెనక్కి వాలుతూ. "ఏం జేస్తాం, వాడి ఖర్మ."

ఆఫీసరు రాసుకున్నాడు. కలం మూయబోతూ వాకిలివైపు చూశాడు.

"ఆమె, ఆమె కొడుకు బయటే ఉండారంట. వాళ్ల మాట కూడా రాసుకోవాల. రమ్మనండి."

వెంకటశేషమ్మ వెనకాలే, టోపీ లేని నున్నటి గుండుతో, చొక్కా జేబులోంచి ఆ బొటనవేలంత పని సామాను తీస్తూ పెంచల్ లోపలికి వచ్చాడు.