లోపలున్నవాళ్లు

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఉమాకాంత్ కరెంట్ అఫైర్స్ చెబుతున్నాడు.

"మన నేవీ సబ్‌మెరైన్ల నుంచి వదిలే క్రూయిజ్ మిసైళ్లు కొంటున్నది. రేంజ్ రాసుకోండి, ఒక మార్కు గ్యారంటీ."

ముందు బెంచీలో కూర్చున్న తన్మయి పెన్ను కూడా తీయలేదు.

"ఏందమ్మా, సినిమాకొచ్చినవా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆమె తలొంచుకుంది.

క్లాసయ్యాక అతని దగ్గరికొచ్చింది.

"నేను పరీక్ష రాస్తలేను సార్. మా ఆయన సబ్‌మెరైన్ల పనిచేస్తడు. డ్యూటీ సంగతులు ఇంట్ల చెప్పడు. మీ క్లాసులన్న తెలుస్తదని చేరిన. ఆ మిసైల్ వదిలేటప్పుడు లోపలున్నోళ్లకు ఏం కాదు కదా సార్?"

ఉమాకాంత్ పొద్దున్నుంచి అన్ని బ్యాచ్‌లకూ అదే పాఠం చెప్పాడు. లోపల మనుషులుంటారని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"తెల్వదమ్మా," అన్నాడు, ఆమె మొహంలోకి చూడలేక.