ఉంటాను అనలేదు

“నలభై సెకన్లే. వినండి,” అన్నాడు కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇన్‌స్పెక్టర్.

రికార్డింగులు విని కాగితం మీద పెట్టే గుమస్తా హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. హెల్ప్‌లైన్‌కి వచ్చిన కాల్. ముందు ఫ్యాను చప్పుడే. తర్వాత ఆడగొంతు.

“ఏం లేదండీ, పొరపాటున చేశాను. వెళ్తాను.”

“రాంగ్ కాల్ సార్, వదిలెయ్యండి,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

“కాదు.” గుమస్తా గోడవైపు తిరిగాడు. “ఫోను పెట్టేసేవాళ్ళు ‘ఉంటాను’ అంటారు. ఈవిడ ‘వెళ్తాను’ అంది.”

ఇన్‌స్పెక్టర్ ముఖం మారిపోయింది. “నంబరు కూడా పడలేదే! ఎవరన్నది తర్వాత. ముందు ఎక్కడుందో చెప్పగలరా?”

వరండా చివర, కిటికీ లేని గది. ఎనిమిదేళ్ళుగా అందులో ఒక్కటే కుర్చీ. ఇద్దరూ నిలబడే ఉన్నారు.

“ఆటిజం అట సార్,” కానిస్టేబుల్ గొంతు తగ్గించాడు. “రికార్డింగులో చీమ నడిచినా పట్టేస్తాడు. ఎదురుపడి పలకరిస్తే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. ఇంటికెళ్ళినా ఇంతేనేమో!”

గుమస్తాకి వినపడింది. అతనికి అన్నీ వినపడతాయి.

మళ్ళీ విన్నాడు. మళ్ళీ.

“ఫ్యాను మూడు చుట్లకోసారి కీచుమంటోంది. కింద రెండు కుట్టుమిషన్లు. లిఫ్టు తలుపు రెండుసార్లు కొట్టుకుంటే గాని మూసుకోవట్లేదు. మిల్లు వెనక వీధి, నీలం మేడ. మూడో అంతస్తు, పన్నెండో నంబరు ఫ్లాటు.”

“ఫ్లాటు నంబరు కూడానా! చెవులతోనే చూస్తారా ఏంటి మీరు?” ఇన్‌స్పెక్టర్ అప్పటికే గుమ్మం దాటాడు. “జీపు తియ్యండ్రా!”

గుమస్తా లేచాడు. “నేనూ...”

“మీ పనైపోయింది, కూర్చోండి.”

కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు తీయలేదు. ‘చేశాను’కీ ‘వెళ్తాను’కీ మధ్య ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ ఒక్క ఊపిరినీ ముప్పై ఒక్కసారి విన్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

గంట తర్వాత టేబుల్ మీద ఫోను మోగింది.

“బతికిందయ్యా!” అరిచాడు ఇన్‌స్పెక్టర్. “తలుపు పగలగొట్టాం. ఆసుపత్రిలో చేర్చాం. ఇంకా స్పృహ రాలేదు గానీ గండం గడిచిందన్నారు. పది నిమిషాలు ఆలస్యమైతే దక్కేది కాదట. వింటున్నారా?”

“వింటున్నాను.”

“ఎంత ఒంటరి బతుకో పాపం, పక్క ఫ్లాటు వాళ్ళకి కూడా ఆవిడ పేరు తెలీదు. పెళ్ళయిందని మాత్రం చెప్పారు. ఆ మొగుడనేవాడు ఎక్కడ చచ్చాడో, వాడికి కబురెలా పెట్టాలో...”

“నేనేనండీ,” అన్నాడు గుమస్తా.