బియ్యం డబ్బాలో బిళ్ళ

సిరిసిల్లలో మరకంటని చీరలు నేసే మిల్లులో పనిచేసేవాళ్ళందరి మెడలోనూ ఊపిరిని లెక్కించి ఆరోగ్య ఆఫీసుకు చెప్పే బిళ్ళ ఒకటి ఉంటుంది. కంటికి ఆనని నానో ధూళి ఊపిరితో ఎక్కువగా లోపలికి పోతే అది ఎర్రబడుతుంది. ఎర్రబడితే జీతంతో పది రోజులు సెలవు, ఇల్లు కదలకూడదు. అంటే అత్త రాజవ్వ నోటికింద పది రోజులు. అందుకే కొమురవ్వ బిళ్ళను బియ్యం డబ్బాలో దాచి పనికి పోయేది.

ఆదివారం పొద్దున ఆరోగ్య అధికారి పూలదండతో గుమ్మంలో నిలబడ్డాడు.

"కొమురవ్వ ఆరు దినాల సంది ఊపిరి తీస్తలేదని బిళ్ళ చెప్పింది. ఎట్ల పోయిందమ్మా?"

"యాడికి పోలే సారూ, నేనే కొమురవ్వ," అని ఆమె నాలుక కరుచుకుంది.

అధికారి దండ గూట్లో పెట్టి, బిళ్ళ తెప్పించి ఆమె మెడలో వేయించాడు. అది ఆకుపచ్చగానే ఉంది.

ఇంతలో రాజవ్వ, "సూడు సారూ, ఇది మిల్లుకు కట్టుకపోయే చీరెలు దినాం నేనే ఉతుకుతున్న!" అంటూ విడిచిన చీర తెచ్చి ఇద్దరి మధ్యా దులిపింది. బిళ్ళ పండుమిరపకాయలా ఎర్రబడింది.

అధికారి ముక్కు మూసుకుని, ఇకమీదట పనిబట్టలు మిల్లే ఉతకాలని రాసుకున్నాడు. "ఉతికిన అమ్మకు గూడ ధూళి పట్టింది. ఇద్దరూ పది దినాలు ఇంట్లనే ఉండాలె."

కొమురవ్వ అత్తను చూసింది, గూట్లో దండను చూసింది.

"దండ ఈడనే ఉంచుండ్రి సారూ, అక్కరకొస్తది."