ఓపిక పట్టు నాన్నా

"ఆ మనిషి నన్ను కొట్టాడు" అంది అమ్మ కూతురి చెవిలో, వంటింట్లో ఉన్న నాన్నను చూపిస్తూ.

కూతురు నవ్వేసింది. మతిమరుపు జబ్బు వచ్చాక అమ్మ ఇలాంటివి చాలానే చెప్పింది. మొన్నటికి మొన్న పనిమనిషి తన నోట్లో పళ్లు ఎత్తుకుపోయిందంది.

"విన్నావా నాన్నా? నువ్వు కొట్టావట! చీమను కూడా చంపలేవు."

నాన్న కుళాయి కట్టేశాడు.

"కొట్టాను."

"ఏంటీ?"

"నిన్న స్నానం చేయిస్తుంటే దొంగా అని అరిచి మొహాన ఉమ్మింది. చెంప మీద కొట్టాను, రెండు దెబ్బలు. మొదటిది కోపంలో. రెండోదానికి ఆ సాకు కూడా లేదు."

అమ్మ దవడ దగ్గర కమిలి ఉంది. కూతురు వచ్చినప్పుడే చూసింది. ఎక్కడో పడి ఉంటుందనుకుంది.

"ఇంతదాకా వస్తే నాకొక్క మాట చెప్పొద్దా?"

"చెప్పానమ్మా. ఫోన్ చేసినప్పుడల్లా నా వల్ల కావట్లేదన్నాను. ఓపిక పట్టు నాన్నా అన్నావు."

నిజమే. అలా అని ఎన్నిసార్లు ఫోన్ పెట్టేసిందో ఆమెకు గుర్తు లేదు.

అప్పటికప్పుడే ఆఫీసుకు ఫోన్ చేసి వారం సెలవు అడిగింది.

"నువ్వు బాబాయి వాళ్లింటికి వెళ్లు. కంటినిండా నిద్రపో. ఈలోగా అమ్మకి తోడుగా మనిషిని చూస్తాను."

"నేను లేకపోతే అది అన్నం..."

"నేను తినిపిస్తాను. వెళ్లు నాన్నా."

నాన్న చొక్కా మార్చుకుని గడప దాటాడు. అమ్మ తలుపు చాటు నుంచి తొంగిచూసింది.

"వెళ్లిపోతున్నాడా?"

"వెళ్తున్నాడమ్మా."

"మళ్లీ రానివ్వకు."

చెప్పులేసుకుంటున్న నాన్న ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు.